ఒక్క పుస్తకం చాలు

క్రిస్మస్ మొదలుకొని పెద్ద పండగ సెలవులు అయ్యేదాకా తెనాలి బోసు రోడ్డులో అమ్ముడుపోని వస్తువంటూ ఉండదు. కాగితం నక్షత్రాలు పోతాయి, సీరియల్ బల్బులు పోతాయి, క్యాలెండర్లు, పంచాంగాలు, ముగ్గుల పుస్తకాలు పోతాయి. నిరుడు మిగిలిపోయి రంగు వెలిసిన గ్రీటింగు కార్డుల్ని కూడా ఎవడో ఒక మహానుభావుడు బేరమాడి మరీ పట్టుకుపోతాడు. అలాంటి నెల రోజుల్లో హెలెన్ రాసిన పుస్తకం ఎన్ని కాపీలు పోయిందయ్యా అంటే, రెండు. అందులో ఒకటి వెనక్కి వచ్చింది.

"వెనక్కొచ్చినా ఒకసారి పోయినట్టేగదండీ బాబాయిగారూ," అంది హెలెన్, ఆశ చావక.

"పెళ్లివారు పిల్లని చూసెళ్ళి వద్దని కబురు పెడితే పెళ్లయినట్టేనా అమ్మా?" అన్నాడు వేంకటసుబ్రహ్మణ్యం.

ఆయనది ముప్పై ఐదేళ్ల నాటి పుస్తకాల కొట్టు. స్తోత్రాల దగ్గర్నుంచి పదో తరగతి గైడ్ల దాకా అమ్ముతాడు, అడపాదడపా సొంతంగా అచ్చు కూడా వేస్తాడు. మనిషి మంచివాడే, నోరే వేపకాయ. హెలెన్ రేపల్లెలో సోషల్ టీచరు. మూడేళ్ల క్రితం ఆవిడ రాసిన సోషల్ గైడు ఈయనే వేశాడు. అది మూడుసార్లు అచ్చయింది. ఆ మొహమాటం కొద్దీ ఆవిడ ఇంకో పుస్తకం తెస్తే పేజీ కూడా తిప్పకుండా మూడొందల కాపీలు కొట్టించాడు. తర్వాత తిప్పి చూసి లెంపలేసుకున్నాడు.

దాని పేరు 'ఏడు లంకల దండు'. ఒక వేసవిలో హెలెన్ చెల్లెలి కూతురు బిందు బెంగుళూరు నుంచి వస్తూ ఒక ఇంగ్లీషు ఆట పుస్తకం తెచ్చింది. ఇంటిల్లిపాదీ మూడు రోజులు దాంతో ఆడారు. బిందు వెళ్ళిపోయింది గాని, హెలెన్‌కి పట్టిన పిచ్చి వదల్లేదు. పరాయి దేశపు కోటలెందుకు, మన కృష్ణ పాయల్లో లంకలు లేవా, మొసళ్ళు లేవా అనుకుని రెండేళ్లు కూర్చుని తెలుగులో సొంతంగా రాసింది. ఆట తీరు ఇదీ: ఒకరు పుస్తకం పట్టుకుని కథ చెప్తారు. మిగతా నలుగురైదుగురు ఒకరు పడవవాడు, ఒకరు వైద్యురాలు, ఒకరు దొంగ, ఇలా తలొక వేషం అనుకుంటారు. 'నేను ఏరు దాటతా' అంటారు, 'నేను తలుపు తోస్తా' అంటారు. దాటారో మునిగారో ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. పెద్ద అంకె పడితే దాటినట్టు, చిన్నదైతే మునిగినట్టు. అంతే. పరుచుకోవడానికి అట్ట లేదు, జరపడానికి కాయలు లేవు, గెలుపూ లేదు, ఓటమీ లేదు.

"గెలుపు లేనిది ఆటేంటమ్మా, మా ఇంట్లో కాపురంలాగా!" అనేవాడు సుబ్రహ్మణ్యం.

వెనక్కి వచ్చిన కాపీ కథ వేరు. చేబ్రోలు నుంచి ఒక తండ్రి వచ్చి, అట్ట మీద హెలెన్ మేడం పేరు చూసి, పదో తరగతి చదివే కొడుకు కోసం కొన్నాడు. నాలుగో రోజు తెచ్చి బల్ల మీద పడేశాడు. "మావాడు సగం బట్టీ పట్టేశాడండీ. ప్రతి పేజీ చివరా 'ఇప్పుడు మీరేం చేస్తారు?' అని ప్రశ్న ఉంది గాని జవాబు ఒక్కటీ లేదు. ప్రశ్నలడిగి జవాబులు ఎగ్గొడితే ఎట్టాగండీ?" అన్నాట్ట. కొనబోయి మానేసినవాళ్లు ఇంకో ముగ్గురు. పాచికేదని వాళ్ళడిగితే, ఆఖరి పేజీలో బొమ్మ ఉంది, కత్తిరించి అతికించుకోవాలని చెప్పాల్సింది పోయి, "పుస్తకాన్ని కత్తెరతో కోస్తారా? చదువు రాదు, పొండి" అని సుబ్రహ్మణ్యమే కసిరి పంపాడు. అచ్చు వేసినవాడే ఇలా ఉంటే ఇక అమ్మకం ఎక్కడిది?

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. హెలెన్‌కి మాత్రం నవ్వు రావడం లేదు. రెండో భాగం రాసేసి సంచిలో పెట్టుకు తిరుగుతోంది ఆవిడ. మొదటి భాగం సరిగ్గా దండు ఏడో లంకలో చిక్కుకున్నచోట ఆగిపోతుంది. వాళ్ళు బయటపడేది రెండో భాగంలోనే. అది అచ్చు వేయడానికి సుబ్రహ్మణ్యం ఒకటే షరతు పెట్టాడు. సెలవులు అయ్యేలోగా మొదటిది యాభై కాపీలు పోవాలి. పోతే రెండోది వేస్తాడు. పోకపోతే మొదటిది కూడా పాత కాగితాల బండెక్కుతుంది.

"గడువు ఆదివారం దాకా ఉందిగదండీ. బాపట్లలో ముప్పై పెట్టాం, రేపల్లెలో ముప్పై పెట్టాం. అవి చూడకుండానే..."

"చూసుకో తల్లీ. ఆదివారం నేనే రేపల్లె వచ్చి మిగిలినవి మోసుకొస్తా. సంచులు తెచ్చుకుంటాలే. పెద్దవే, రెండు."

ఆ రెండు సంచుల మాట హెలెన్‌ని కోసేసింది. పదహారేళ్ల నుంచి ఆవిడ సిలబస్‌లో ఉన్నదే చెప్పింది, సిలబస్‌లో ఉన్నదే రాసింది. ఇదొక్కటే తన బుర్రలోంచి పుట్టింది. అది పల్లీల పొట్లాలవుతుందంటే ఏడుపు రాదూ? వచ్చింది. కొట్టు మెట్లు దిగాక వచ్చింది.

శనివారం పొద్దున్నే రైలెక్కి బాపట్ల వెళ్ళింది. అక్కడ కొట్టు మధుబాబుది. నెమ్మదస్తుడు. అట్ట మీద పాచిక బొమ్మ చూసి పుస్తకాలన్నీ జాతకాల అరలో, నక్షత్రఫలాల పక్కన సర్దాడు.

"రెండు పోయినయ్యి మేడం. రెండూ ఒకావిడే తీసుకుంది. మీకు దణ్ణం పెట్టమని కూడా చెప్పింది," అన్నాడు.

"నాకెందుకండీ?"

"వాళ్లమ్మాయికి సంబంధం వచ్చిందంట. పుస్తకం ముందు పెట్టుకుని గవ్వలేస్తే పన్నెండు పడిందంట. పన్నెండో పేజీ తీస్తే 'మొసలి నోరు తెరుచుకుని నీ వైపే వస్తోంది, ఇప్పుడు మీరేం చేస్తారు?' అని ఉందంట. ఏం చేస్తారండీ, సంబంధం వదిలేశారు. తీరా చూస్తే పెళ్ళికొడుకుకి అంతకుముందే ఒక పెళ్లయిందంట! అందుకని వాళ్ల చెల్లెలికి ఇంకోటి కొనుక్కెళ్ళింది."

ఒకమ్మాయి బతుకు బాగుపడిందని సంతోషించాలో, తన రెండేళ్ల కష్టం గవ్వల పాలైందని ఏడవాలో తేలక, హెలెన్ మంచినీళ్లడిగి తాగి బయటపడింది.

రేపల్లె చేరేసరికి మధ్యాహ్నం మూడు. స్టేషను పక్కన స్టేషనరీ కొట్లో అడిగితే ఒకటంటే ఒక్కటే పోయిందన్నారు. చర్చిలో పాస్టరుగారి కింద ఉపదేశిగా పనిచేసే బర్నబాస్ కొన్నాడట. తెనాలి ఒకటి, బాపట్ల రెండు, రేపల్లె ఒకటి. మొత్తం నాలుగు. లెక్కల టీచరు అక్కర్లేదు, సోషల్ టీచరుకి కూడా తేలిపోయింది.

కాళ్ళీడ్చుకుంటూ చర్చి ముందు నుంచి వెళ్తుంటే లోపల వరండాలోంచి కేక వినిపించింది.

"చంపినా నేను పడవ దిగను!"

అది కమలమ్మ గొంతు. స్త్రీల సమాజంలో పెద్దావిడ, డెబ్బై ఏళ్ల మనిషి. ఏమైందోనని హెలెన్ చెప్పులు కూడా విడవకుండా పరిగెత్తింది. వరండాలో చాప మీద కమలమ్మతో కలిపి ఐదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎదురుగా బర్నబాస్. అతని ఒళ్ళో 'ఏడు లంకల దండు'.

"దిగకపోతే పడవ మునుగుద్ది పెద్దమ్మా," అంటున్నాడు అతను. "చీటీ తియ్యి."

కమలమ్మ కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీదే భారం" అని రేకు డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీసింది. పదిహేడు. వరండా వరండా అంతా చప్పట్లు.

హెలెన్ డబ్బాలోకి తొంగి చూసింది. "పాచికేదిరా?" అంది.

"చర్చి ఆవరణలో పాచికలు దొర్లిస్తే పాస్టరుగారు నా ఉద్యోగం దొర్లించెయ్యరా అక్కా? కొత్త సంవత్సరం రోజు తలొకరూ ఒక బైబిలు వాక్యం తీసుకునే వాగ్దానం కార్డుల డబ్బా ఖాళీగా ఉంటే, ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి వేశా. చీటీ తీయడం మనవాళ్ళకి కొత్తేముంది!"

అంతటితో అయిపోలేదు. సోమవారాలు చెరుకుపల్లిలో ఆడిస్తున్నాడట, బుధవారాలు ఇంకో ఊళ్ళో, ఊరికి నాలుగేసి జట్లని. అంతా కలిపి అరవై మంది దాకా ఆడుతున్నారట. హెలెన్‌కి ఒళ్ళంతా పులకరించింది. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది.

"అరవై మంది! మరి పుస్తకం ఒక్కటే కొన్నారేంట్రా?"

"నువ్వేగదక్కా రాశావు," అని బర్నబాస్ నాలుగో పేజీ తీసి పైకి చదివాడు. "'చెప్పేవారి దగ్గర ఒక్క పుస్తకం ఉంటే చాలు. ఆడేవారు ఎవరూ కొననక్కర్లేదు.'"

రాసింది ఎవరు? హెలెన్. ప్రూఫులు దిద్దింది ఎవరు? హెలెన్. దాని కింద గీత గీసి లావు అక్షరాలు వేయించింది కూడా ఈ తల్లే.

"పెద్దమ్మా, తలా ఒకటి కొనుక్కోకూడదా?" అని బతిమాలింది.

"ఎందుకే? పాటల పుస్తకం ఒకటుంటే బెంచీ మొత్తం పాడుకోదటే?" అంది కమలమ్మ.

ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల వేళ దాటాక, వేంకటసుబ్రహ్మణ్యం దిగాడు. చెప్పినట్టే రెండు సంచులు. స్టేషను పక్క కొట్లోంచి ఇరవై తొమ్మిది కాపీలూ సంచుల్లో కుక్కుకుని, చెమటలు కక్కుతూ చర్చి దగ్గరకొచ్చాడు. హెలెన్ అరవై మంది సంగతి చెప్పింది.

"అరవై మంది ఆడుతుంటే ఒకటి అమ్ముడైందా? చెవిలో పువ్వు కనపడుతోందా అమ్మా నాకు?"

"బండి ఐదున్నరకి గదండీ," అన్నాడు బర్నబాస్ మర్యాదగా కుర్చీ వేస్తూ. "అందాకా కూర్చోండి బాబాయిగారూ, మీరే చూద్దురుగాని. ఒక మనిషి తక్కువైంది కూడాను. దొంగ వేషం కట్టే అక్క బంధువులింటికి వెళ్ళింది."

"దొంగా? అరవై రెండేళ్లొచ్చాయి, స్తోత్రాలమ్ముకుని బతికేవాణ్ని, నన్ను దొంగని చేస్తావా? వైద్యుడు లేడా?"

"వైద్యం నాది," అంది కమలమ్మ, వదిలే ప్రసక్తే లేదన్నట్టు.

సణుక్కుంటూనే కూర్చున్నాడు. మొదటి పావుగంట వాచీ చూసుకున్నాడు. లంక కాపలాదారు నిద్రపోతున్నాడు, మొలలో తాళాలున్నాయి, ఇప్పుడు మీరేం చేస్తారని బర్నబాస్ అడిగితే, "ఏం చేస్తాను, మర్యాదస్తుణ్ణి, నమస్కారం పెట్టి వచ్చేస్తా" అన్నాడు. అందరూ ఉసూరుమన్నారు. ఆ ఉసూరు ఆయనకి తగిలింది. "సరే, కొట్టేస్తా!" అన్నాడు. "ఆంజనేయస్వామీ" అనుకుని చీటీ తీశాడు. పంతొమ్మిది! ఆడవాళ్లు వేసిన కేకకి గోడ మీద పావురాలు లేచిపోయాయి.

ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరం? నాలుగయ్యేసరికి కుర్చీ దిగి చాప మీదకొచ్చాడు. నాలుగున్నరకి రాజుగారి ఉంగరం కాజేశాడు. ఐదింటికి దండులో ఎవరికీ చెప్పకుండా సొంతవాళ్ల పడవే అమ్ముకున్నాడు. ఐదున్నర బండి కూత వేసుకుంటూ వెళ్ళిపోయింది. అప్పుడు ఆయన ఏడో లంకలో సొరంగంలో పాకుతున్నాడు, వినపడలేదు.

అక్కడ ఆయన తీసిన చీటీ మీద ఉన్న అంకె రెండు.

"దొరికిపోయారు బాబాయిగారూ," అన్నాడు బర్నబాస్ గొంతు తగ్గించి. "రాటకి కట్టేశారు. సముద్రం పోటు మీదుంది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినయ్యి... నడుం దాకా... పీక దాకా..." పేజీ తిప్పాడు. "మొదటి భాగం సమాప్తం."

"తర్వాతేంటి?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"అంతేనండీ. పుస్తకం అయిపోయింది."

"అయిపోవడమేంటయ్యా? నేనిక్కడ పీకల్దాకా నీళ్ళలో ఉంటే!"

అందరూ హెలెన్ భుజానున్న సంచి వైపు చూశారు. తర్వాతేంటి అని ఎవరైనా అడుగుతారేమోనని, ఆ ఒక్క మాట కోసమే గదా రెండేళ్లు రాసింది! అడిగినవాడు ఎవరయ్యా అంటే ఈ వేపకాయ మనిషి. సుబ్రహ్మణ్యం చెయ్యి చాపాడు. హెలెన్ సంచిని దగ్గరికి లాక్కుంది.

"యాభై అన్నారుగదండీ బాబాయిగారూ. నాలుగే పోయినయ్యి."

సుబ్రహ్మణ్యం గిరుక్కున ఆడవాళ్ల వైపు తిరిగాడు. "అమ్మా, తల్లుల్లారా, తలా నాలుగు కొనండమ్మా. మంచి పుస్తకం. పిల్లలకి బుద్ధి పెరుగుతుంది."

"బర్నబాస్ దగ్గరుందిగదండీ. ఒకటి చాలదటండీ?" అన్నారు వాళ్ళు.

"నన్ను నీళ్ళలో ముంచి ఒక్కరికీ జాలి లేదే!"

"మీరేగదండీ మా పడవ అమ్ముకుంది," అంది కమలమ్మ.

ఆయన తన సంచుల వైపు చూశాడు. మీసం పీక్కున్నాడు. వేళ్ళ మీద ఏదో లెక్కేశాడు. చివరికి గట్టిగా ఊపిరి వదిలి, "నాలుగు పోను నలభై ఆరు. నేనే కొంటున్నా," అన్నాడు.

"మీ పుస్తకాలు మీరే కొంటే అమ్మకం ఎట్టా అవుద్దండీ?" అని బర్నబాస్ నోరు జారాడు.

"నోర్ముయ్! మనవలకి పంచుతా, వియ్యాలవారికి పంచుతా, నా ఇష్టం. హెలెనమ్మా, మాటంటే మాటే. రేపు పొద్దున్నే రెండో భాగం ప్రెస్సుకెళ్తుంది. సరేనా?"

హెలెన్ కళ్ళు నిండిపోయాయి. సరేనని తలూపింది.

"ఇప్పుడన్నా చెప్పమ్మా," అన్నాడాయన, చాప మీద ముందుకి జరిగి, గొంతు బాగా తగ్గించి. "నా కట్లు ఎవరు విప్పుతారు?"

హెలెన్ పమిటతో కళ్ళు తుడుచుకుంది.

"అచ్చయ్యాక చదువుకుందురుగాని బాబాయిగారూ."

"అప్పటిదాకా నీళ్ళలోనేనా?"

"నీళ్ళలోనేనండీ. తొందరగా వేయించండి."