చేతులు వెనక్కి

ఆ యూనివర్సిటీలో చదువులు చాలా ఉండేవి. అన్నిటికీ పెద్ద పెద్ద గదులుండేవి. ఒక్క చదువు మాత్రం లైబ్రరీ వెనక పంపుహౌసులో, బుధవారం టీ వేళ, బోర్లించిన బకెట్ల మీద కూర్చుని సాగేది.

అది మెయింటెనెన్సు వాళ్లు తమకు తాము పెట్టుకున్న చదువు. ఎవరి పని వాళ్లు ఇంకొకరికి నేర్పాలి. నియమం ఒక్కటే: నేర్పేవాళ్ల చేతులు వీపు వెనక తువ్వాలుతో కట్టేస్తారు. ఎందుకంటే పనిమంతుడికి పక్కవాడు తడబడుతుంటే చూస్తూ ఊరుకోవడం చేతకాదు. "నువ్వుండవయ్యా, ఇలా తే" అని లాక్కుని తనే చేసేస్తాడు. పని అయిపోతుంది, నేర్చుకునేవాడు మాత్రం నోరు తెరుచుకుని అక్కడే ఉండిపోతాడు. తువ్వాలు బిగించాక కరెంటు మరిది మోచేతులతో, గడ్డంతో, చివరికి కనుబొమలతో పాఠం చెప్పేవాడు. వడ్రంగి అన్నయితే ఒకసారి ఆగలేక రంపాన్ని పళ్లతో అందుకోబోయాడట. ఈ మాట చెప్పింది పంపు మావయ్య కాబట్టి సగం తీసేసి నమ్మాలి.

పంపు మావయ్య అంటే ఆ పంపుహౌసుకు మకుటం లేని మహారాజు. వరస కలవకపోయినా అందరికీ మావయ్యే. తన మోటారుకు జలుబు చేస్తే తనకు తుమ్ములొస్తాయని చెప్పుకునే మనిషి. లైబ్రరీ మెట్లు తుడిచే ఆవిడ కూడా అలాగే అందరికీ వదిన.

వదినకు పంపు మీద మనసు పడింది మెట్ల మీదే. తుడుస్తూ తుడుస్తూ గోడ పక్క గొట్టంలో నీళ్లు పైకెక్కే చప్పుడు వినేది. రోజూ వినేది. ఇంత బరువును కింద ఎవరు తోస్తే ఇంత ఎత్తుకు వస్తోందో చూడాలనిపించి, ఒక బుధవారం పంపుహౌసు గుమ్మంలో నిలబడింది.

"మావయ్యా, ఆడవాళ్ల మాట వింటుందా నీ మోటారు?"

"నా మాటే వినదమ్మా. నీ మాటైనా వింటే నేనూ చూసి నేర్చుకుంటా. రా, కూర్చో."

అలా కూర్చున్న మనిషి మళ్లీ ఏ బుధవారమూ మానలేదు. మావయ్య పంపు నేర్పాడు, మరిది స్విచ్చు బోర్డు నేర్పాడు. తోటమాలి పెద్దాయన మొక్కలతో పాటు నేల కింద ఏ గొట్టం ఎటు పోతుందో చెప్పాడు.

ఇప్పుడు మావయ్య నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆ పనికి పరీక్ష పెట్టారు. నెగ్గితే పంపుహౌసు తాళంచెవి వదినది. తప్పితే బయటినుంచి ఎవరో వస్తారు, ఆమె మళ్లీ మెట్ల దగ్గరికే. ఇంకో ఖాళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. బుధవారం చదువుతో ఉద్యోగం మారినవాళ్లు ఇంతవరకూ లేరు. అందుకని వడ్రంగి అన్నతో కలిపి ఆ నలుగురికీ కూడా అది సొంత పరీక్షే అయి కూర్చుంది.

పరీక్ష రోజు పొద్దున ఇంజనీరమ్మ వచ్చింది. నెమ్మదస్తురాలు, మాట తక్కువ. మావయ్య, మరిది, అన్న, పెద్దాయన వరసగా బయట కిటికీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఈరోజు నోరు కూడా కట్టేసినట్టే లెక్క.

పంపుహౌసు తలుపు సంగతి ఒకటి చెప్పాలి. అది వానాకాలం ఉబ్బి ఎండాకాలం కూడా తగ్గని తలుపు. దాన్ని తెరవడానికి ఒకప్పుడు ఏనుగును పిలిపిస్తే, తోసి తోసి సిగ్గుపడి వెళ్లిపోయిందని మావయ్య కథ. వదిన అలవాటు ప్రకారం భుజం అడ్డంపెట్టి బలంకొద్దీ తోసింది. తలుపు నోరెత్తకుండా తెరుచుకుంది. వదిన పోయి మోటారును వాటేసుకుంది.

లేచి తలుపు అంచు తడిమింది. తాజాగా చిత్రిక పట్టి ఉంది. కిటికీ దగ్గర వడ్రంగి అన్న ఎక్కడలేని శ్రద్ధగా ఆకాశం చూస్తున్నాడు.

"దెబ్బ తగిలిందా?" అంది ఇంజనీరమ్మ.

"లేదు మేడం. తలుపు బాగుంది."

"పంపు వేసి పై ట్యాంకుకు నీళ్లెక్కించండి. అంతే పరీక్ష."

వదిన స్విచ్చు నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ నొక్కింది. అదే మౌనం. వదిన మావయ్య వైపు చూస్తే, ఆయన చెప్పలేక నీళ్లు నములుతున్నాడు. ఆయన ముఖం చూస్తే ఆయన మాటే గుర్తొచ్చింది: యంత్రం పలక్కపోతే దాని మీద అరవకు, ముందు ఒంటి మీద చెయ్యి వేసి చూడు.

బోర్డు మీద దీపాలన్నీ వెలుగుతున్నాయి, అంటే కరెంటు ఉంది. మోటారు మీద మునివేళ్లు ఆనించింది. వెచ్చగా ఉంది. ఇది తెల్లవారుజామునే పనిచేసి పడుకుంది. ట్యాంకు నిండే ఉండాలి. కానీ ట్యాంకు నిండితే మాత్రం ఆగడమెందుకు? ట్యాంకు నిండగానే మోటారును ఆపే తీగను ఎలుకలు కొరికి ఎన్నాళ్లయిందో. టార్చి వేసి చూసింది. ఆ తీగకు కొత్త టేపు చుట్టి ఉంది, కొస చిన్న చెవిలా మడిచి. ఆ చెవి మడత కరెంటు మరిదిదే. ఊడదీసేవాడి గోరు నొప్పెట్టకూడదని ప్రతిదానికీ పెడతాడు.

వదినకు అంతా అర్థమైంది. పరీక్షలో ఏదైనా తేడా వస్తే ఎవరికీ నీళ్లకు లోటు రాకూడదని మావయ్య ట్యాంకు నింపాడు. పరీక్షలో ట్యాంకు పొర్లకూడదని మరిది తీగ బాగుచేశాడు. ఒకరి సాయం ఇంకొకరికి తెలియదు. ఇద్దరి ప్రేమా కలిసి మోటారు గొంతు పట్టుకుంది.

"మేడం, ట్యాంకు నిండుగా ఉంది. కొంచెం దించితేగానీ పంపు లేవదు. తోట గొట్టం కుళాయి తిప్పుతాను."

"సరే."

ఆ కుళాయి తిప్పబోతే దానికి జనపనార తాడు. పాదు తీగకు ఊతకర్ర కట్టేటప్పుడు, కాడ నలగకుండా వేసే వదులు ముడి. పరీక్ష నీళ్లన్నీ ట్యాంకుకే ఎక్కాలని తోటకు మళ్లకుండా ఆపి, తన మొక్కల్ని ఎండబెట్టుకున్నాడు పెద్దాయన. వదినకు నవ్వు వచ్చింది. ముడి విప్పి కుళాయి తిప్పింది. బయట గులాబీ మడుల్లో నీళ్లు గలగలా పారాయి.

"కాసేపు పడుతుంది, కూర్చోండి మేడం," అని ఒక బకెట్ బోర్లించింది. ఇంజనీరమ్మ కూర్చుంది. కూర్చుని, స్విచ్చు వేసేటప్పుడు పైకి పోయే గొట్టం ఎందుకు మూసి ఉంచుతారని అడిగింది.

"నిద్రలేచిన వెంటనే బరువెత్తమంటే ఎవరికైనా నడుం పట్టేస్తుంది కదా మేడం. ముందు దాన్ని ఊపిరి తీసుకోనిస్తాం. మీటరులో ముల్లు లేచాక మెల్లగా తెరుస్తాం."

కిటికీ దగ్గర మావయ్య ఛాతీ అంగుళం పెరిగింది.

నీళ్లు దిగాయి. వదిన స్విచ్చు నొక్కింది. మోటారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. ముల్లు లేచింది. గొట్టం మెల్లగా తెరిచి, అలవాటు కొద్దీ దానికి చెవి ఆనించింది. నీళ్లు ఎక్కుతున్నాయి. ఈసారి తోస్తున్నది తనే.

ఇంజనీరమ్మ లేచింది. "నేను పెట్టింది చిన్న పరీక్ష. ఇంత చిక్కు ప్రశ్న ఎవరు పెట్టారు?"

కిటికీ దగ్గర నలుగురూ తేలు కుట్టిన దొంగల్లా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నా వాళ్లే మేడం," అంది వదిన.

ఇంజనీరమ్మ నవ్వి, మావయ్య వైపు చెయ్యి చాపింది. ఆయన మెడలోని తాళంచెవి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని వదిన చేతిలో పెట్టింది.

ఆమె అటు వెళ్లగానే వదిన తువ్వాలు దులిపింది.

"ఇంకోసారి ఎవరికైనా పరీక్ష ఉంటే, ముందురోజే మీ నలుగురి చేతులూ కట్టేసి ఇంటికి పంపిస్తా."

"మొక్కలకు నీళ్లెవరు పోస్తారమ్మా మరి?" అన్నాడు పెద్దాయన.

"కాళ్లతో పోయండి."

తర్వాతి బుధవారం చదువు లైబ్రరీ మెట్ల మీద పెట్టారు. నేర్చుకోవడానికి వచ్చింది పంపు మావయ్య.

"వచ్చే నెల నుంచి ఇంట్లోనే ఉంటా కదా. మీ అత్త చేతికి తుడుపుకర్ర ఇచ్చి కూర్చునే మొహం నాకు లేదు. నేర్పు."

మరిది వచ్చి వదిన చేతులు వెనక్కి బిగించాడు. మావయ్య తుడుపుకర్రను పైమెట్టు మీద పెట్టి, వెనక్కి దిగుతూ తుడవడం మొదలుపెట్టాడు. పర్లేదు, ఒడుపు ఉంది. గోడ మూల మాత్రం వదిలేశాడు. రెండో మెట్టు మీదా అదే మూల.

"మావయ్యా, మూల," అంది వదిన.

"ఏ మూల?"

వదిన గడ్డంతో చూపించింది. మోచేత్తో చూపించింది. వీపు వెనక తువ్వాలు లోపల వేళ్లు ఒకటే గుంజుకుంటున్నాయి. మరిది ఎందుకైనా మంచిదని ముడి ఇంకొంచెం బిగించాడు.