మందను తిన్న గ్యాప్

మా అమ్మ గంగక్క ముప్పైరెండు గొర్రెలను నేను చార్టులో పోగొట్టాను. దొంగలెత్తుకుపోయారనో, రోగమొచ్చిందనో అయితే పరువైనా దక్కేది.

హోసూరు కంపెనీలో షిఫ్టు పని నాది. ఆదివారాలు ఒక మేడ మీద జనార్ధనరావు సారు షేర్ల పాఠం చెప్పేవాడు. నిన్న ముగిసిన ధరకూ ఈరోజు మొదలైన ధరకూ మధ్య చార్టులో ఖాళీ మిగిలితే అది గ్యాప్. చాలా గ్యాప్‌లు పూడుతాయి, ధర మళ్లీ పాత చోటికి వస్తుంది అన్నాడు. కొన్ని ఎప్పటికీ పూడవు, ఇంత నష్టం దాటితే బయటపడాలని ముందే గీత గీసుకోండి అని కూడా అన్నాడు. మొదటి మాట చెవికెక్కింది. రెండోది నోట్‌బుక్కులోనే ఉండిపోయింది.

కిందికి తెరిచిన షేర్లు కొని చూశాను. చిన్న గ్యాప్‌లు నాలుగు పూడి, నాలుగు డబ్బులు మిగిలాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, గురుబరపల్లికి వచ్చి అమ్మ ముందు కూర్చున్నాను.

"మంద అమ్మేద్దాం మా. నీ మోకాళ్లు చూడు. ఉగాదిలోపల రెండింతలు కొనిస్తాను."

"దాంట్లో ఏం నమ్మకం రా?"

"పోయిన ధర తిరిగి వస్తాది. నేను చూసినాను."

చదువుకున్న కొడుకు మాట. పక్కవీధి పరశురామప్పకు అప్పగించేటప్పుడు, ఒక్కో గొర్రె వీపు నిమిరి పంపింది.

ఒక సోమవారం ఒక షేరు ముందటి ధరకన్నా బాగా కింద తెరుచుకుంది. పెద్ద గ్యాప్. మంద డబ్బంతా పెట్టేశాను. సాయంత్రానికి ఇంకా పడింది. అమ్మేయాల్సింది. కానీ నేను గొర్రెలవాళ్ల బిడ్డను. గొర్రె తప్పితే వెంటపడకూడదు, తప్పిన చోటే నిలబడితే అదే వస్తుందని అమ్మ నేర్పింది. కొండ కింద ఎన్నిసార్లు అలా నిలబడ్డామో, ప్రతిసారీ వచ్చింది. గొర్రెకు మనం తెలుసు, షేరుకు నేనెవరిని? ఆ తెలివి అప్పుడు లేదు. ఐదు నెలలు నిలబడ్డాను. చివరికి మిగిలింది రెండు గొర్రెల ఖరీదు.

ఉగాది దాటాక వచ్చి అమ్మకు చెప్పాను.

"పోనీలే యతీశా, నువ్వు బాగుండావు గదా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత కర్ర తీసుకుంది. యాడికి అన్నాను.

"కూలికి. పరశురామప్ప మాట గొర్రెలు వినేదిల్లేదంట. నన్నే మేపమన్నాడు."

తన మందను తానే కూలికి మేపుతోంది.

పొద్దుగూకే వేళ మందను ఆయన దొడ్లోకి తోలి వస్తుంటే, ఒక గొర్రె అమ్మ వెనకాలే మా గుమ్మం దాకా వచ్చింది. తల్లి చస్తే సీసాతో పాలు పట్టి అమ్మ పెంచిన గొర్రె అది.

"ఈ ఒక్క రాత్రికి ఉండనీ మా."

"వద్దప్పా. రేపు కూడా వస్తాది. అది మనది కాదు."

కర్ర ఎత్తింది. గొర్రె కదల్లేదు. అమ్మ వంగి రాయి తీసింది. గొర్రె మీదికి అమ్మ రాయి ఎత్తడం నేనెన్నడూ చూడలేదు.

"పోవే! ఈడేముంది నీకు!"

అది వీధి మలుపు తిరిగేదాకా అమ్మ ఏడుస్తూ రాళ్లు వేస్తూనే ఉంది. ఒక్కటీ దానికి తగలనివ్వలేదు.