అహ్మద్ పాషా కనిపెట్టిన చాయ్

కోర్టు నోటీసు ఇంగ్లీషులో ఉండేసరికి అహ్మద్ పాషా దాన్ని మెప్పు పత్రం అనుకున్నాడు.

అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. నెల కిందటే హైదరాబాద్ నుంచి చాయ్ కంపెనీ మేనేజర్ వచ్చాడు. టేకులపల్లి బస్టాండు ఎదురుగా ఉన్న పాషా దుకాణం ముందు, 'కడక్ కోట చాయ్' అనే పెద్ద బోర్డు కింద ఆయన్ని నిలబెట్టి వీడియో తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ భుజం కూడా తట్టాడు. భుజం తట్టినవాడు దావా వేస్తాడని ఎవరనుకుంటారు?

అసలు సంగతి చెప్పింది కొత్తగూడెంలో వకీలు సునంద.

"పాషా భాయ్, మెప్పు కాదిది. కంపెనీ మీ మీద సివిల్ దావా వేసింది. వాళ్ల పొడి వాడకుండ వేరే చాయ్ అమ్ముతున్నరంట."

"నిజమే గదా మేడం! ఆ పొడి చాయ్ తాగి మా కాశయ్య ఏమన్నడో ఎరికేనా? 'పాషా భాయ్, బట్టలు నానబెట్టిన నీళ్లు గిట్ట పోసినవా' అన్నడు."

కాశయ్య ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ డ్రైవర్. ఆయన మాట గని మొత్తానికీ మాట. ఇరవై రెండేళ్లు బట్టలు కుట్టిన పాషా, రెడీమేడ్ షాపుల దెబ్బకు మిషను మూసేసి, కంపెనీ పేరుతో, కంపెనీ పొడితో చాయ్ అమ్మే ఈ ఫ్రాంచైజీ తీసుకున్నాడు. ముప్పై ఎనిమిది పేజీల ఒప్పందంలో ఆయన శ్రద్ధగా చూసింది బోర్డు రంగు ఒక్కటే. మొదటి రెండు నెలలు దుకాణంలో ఈగలు కూడా నిలవలేదు. మూడో నెలలో చాయ్ రుచి మారింది. అప్పటి నుంచి మొదటి షిఫ్టు బస్సు డ్రైవర్ కూడా ఇంజన్ ఆపకుండానే దిగి గ్లాసు అందుకుంటున్నాడు.

"గంతేనా మేడం? బోర్డు తీసుకపొమ్మనుండ్రి. నా చాయ్ నేనమ్ముకుంట."

"అదే కుదరదు." సునంద కాగితం తిప్పింది. "ఇరవై రెండో షరతు. ఒప్పందం ఉన్నన్ని రోజులు మీరు కొత్తగ ఏ రుచి కనిపెట్టినా, ఏ తయారీ పద్ధతి కనిపెట్టినా అది కంపెనీ సొత్తు. కోర్టు ఒప్పుకుంటే ఆ చాయ్ మీరు ఇంకెక్కడా అమ్మొద్దు. ఇంటి ముంగట కూడా."

పాషా ఆ కాగితం మీద వేలు పెట్టాడు. "మా చాయ్ గాదని దావా వేసిన్రు. అదే చాయ్ మాదే అంటున్రు. రెండూ ఒకే నోటితోనా?"

"ఒకే వకీలుతోని."

ఉన్న దారి ఒక్కటే. ఆ చాయ్‌ని, ఒప్పందం మీద సంతకం చేసిన పాషా కనిపెట్టలేదని చూపించాలి. సునంద అడిగింది: "మీకు ఎవరన్న నేర్పిన్రా?"

"ఎవలు నేర్పలే. నేనే..."

కంపెనీ దావాతో పాటు ఇచ్చిన వీడియోను ఆమె ఫోన్‌లో పెట్టింది. బోర్డు కింద పాషా, ఛాతీ విరుచుకుని: "నలబై రోజులు ప్రయోగాలు చేసిన సార్. అల్లం ఎంత, ఇలాచీ ఎంత, ఏది ముందు, ఏది వెనక... ఈ చెయ్యి పడితెనే ఆ రుచి!"

"కంపెనీ మొదటి సాక్ష్యం ఇదే," అంది సునంద.

పాషా తన చెయ్యి చూసుకున్నాడు. ఆ చెయ్యి పొయ్యి దగ్గర పాలు కలపడం తప్ప ఇంకేమీ ఎరగదు. రోజూ తెల్లవారుజామున డికాక్షన్ కాచేది ఇంట్లో భార్య షరీఫా. స్టీలు డబ్బాలో పోసి మూత బిగించి స్కూటర్ మీద పెడుతుంది. మొదటిసారి కాశయ్య "ఎవరు చేసిన్రు భాయ్?" అని అడిగినప్పుడు, ఇంట్లోవాళ్ల పేరు బజార్లోకి ఎందుకని పాషా తన పేరు చెప్పాడు. మర్యాద కోసం మొదలైన అబద్ధం. పొగడ్తలు పెరిగిన కొద్దీ అందులో మర్యాద తగ్గి ప్రయోగాలు పెరిగాయి.

ఇంటికొచ్చి షరీఫాకు విషయం చెప్పాడు. "నువ్వొచ్చి సాక్ష్యం చెప్తే దుకాణం నిలబడ్తది."

షరీఫా డబ్బా తోముతూ తలెత్తలేదు. "నా పేరు బజార్లకే రావద్దంటిరి. కోర్టుకెట్ల వస్తది?"

"షరీఫా, బతుకు పోతది."

"ముందు మీ నోటితోని మీరు చెప్పుండ్రి. అందరి ముంగట. అప్పుడొస్త."

ఒక వైపు దుకాణం. ఇంకో వైపు, చేతిలో బరకత్, దేవుడి దీవెన ఉందని గని మొత్తం కొడుతున్న సలాములు. ఏది పోగొట్టుకోవాలో తేల్చుకోవడానికి ఆయనకు విచారణ తేదీ దాకా పట్టింది.

ఆ రోజు కోర్టు హాలు చివరి బెంచీల్లో కాశయ్య, గనివాళ్లు నలుగురు కూర్చున్నారు. కంపెనీ వకీలు తుల్సీరాం వీడియో చూపించి, తీరిగ్గా మొదలుపెట్టాడు.

"ఇందులో ఉన్నది మీరేనా?"

"నేనే."

"ఈ చాయ్ నేనే కనిపెట్టానని చెప్పింది మీరే కదా?"

పాషా వెనక్కి చూశాడు. కాశయ్య ఆయన తరఫున గర్వంగా తలాడిస్తున్నాడు. పాషా మళ్లీ ముందుకు తిరిగాడు.

"చెప్పిన సార్. అబద్ధం చెప్పిన. చేసేది మా ఆమె. నాకు చాయ్ చేసుడు రాదు."

కాశయ్య తల ఆగిపోయింది.

తుల్సీరాం నవ్వాడు. "కేసు తప్పించుకోవడానికి నాటకం! నలభై రోజుల ప్రయోగాలు చేసిన మనిషికి తెలియకుండా ఉంటుందా? చెప్పండి, అల్లం ఎప్పుడు వేస్తారు?"

"దించినంకనేమో సార్."

"ఇలాచీ ముందా, ఆకు ముందా?"

"రెండూ డబ్బాల్నే ఉంటయ్."

"నీళ్లు ఎంత?"

"డబ్బా నిండ."

"కాస్త గుర్తు తెచ్చుకోండి!" తుల్సీరాం గొంతులో బతిమాలింపు వినిపించింది. ఎదుటి సాక్షికి తెలివి ఉండాలని ఒక వకీలు అంతగా కోరుకోవడం ఆ హాలు ఎప్పుడూ చూసి ఉండదు. ఆయన అడిగే ప్రతి ప్రశ్నా పాషాకు ఏమీ తెలియదని రుజువు చేస్తోంది. జడ్జి శ్రద్ధగా రాసుకుంటున్నాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

తర్వాత షరీఫా వచ్చింది.

"ఒప్పందం మీద మీరు సంతకం చేశారా?" సునంద అడిగింది.

"నన్నెవ్వరు అడగలే."

తుల్సీరాం లేచాడు. "ఆ చాయ్ మీరే చేస్తే, ఎలా చేస్తారో చెప్పండి!"

"మీకా?" అంది షరీఫా. "చెప్ప."

చెప్పనక్కర్లేదన్నాడు జడ్జి.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. పాషా ఒప్పందం మీరిన మాట నిజం, బోర్డు దించాలి, నష్టపరిహారం కట్టాలి. కానీ చాయ్ కంపెనీది కాదు. అది సంతకం చెయ్యని మనిషిది.

"ఓడిపోయినట్టా మేడం, గెలిచినట్టా?" అడిగాడు పాషా.

"మీరు ఓడిన్రు. షరీఫా గెలిచింది," అంది సునంద.

మెట్ల దగ్గర కాశయ్య ఎదురొచ్చాడు. పాషాను దాటి షరీఫాకు దండం పెట్టాడు. "అక్కా, ఇన్ని రోజుల సంది తప్పు మనిషికి సలాం కొట్టినం. మాఫ్ చెయ్యి." తర్వాత పాషా వైపు తిరిగి, "డబ్బా మోసుడైతే మంచిగ మోస్తవు భాయ్, గది కాదన" అన్నాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఊరు దాటి అడవి మొదలైంది. పాషా మెల్లగా అడిగాడు.

"ఇంతకూ అల్లం ఎప్పుడేస్తవు?"

షరీఫా కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"మీకు తెల్వకపోవుడే మంచిగున్నది. తెలిస్తే మళ్ల ఎవనికో సంతకం పెట్టిస్తరు."