ఊరికే ఆటపట్టించా

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి బొమ్మలు బుట్టలో సర్దుతుంటే పాడే బాతు పాడలేదు. తిప్పి చూశాను. పొట్ట కింద మూత లేదు, లోపల బ్యాటరీలూ లేవు. మా ఏడాదిన్నర పాప చాప మీద కూర్చుని చొంగ కారుస్తూ నన్నే చూస్తోంది.

"ఇందులో బ్యాటరీలు ఎవరైనా తీశారా?"

"నాకేం తెలుసు, ఇన్‌స్పెక్టరమ్మా?" అన్నాడు మా ఆయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆ పేరు పెట్టింది ఆయనే. నేను క్రెష్‌లో పనిచేస్తాను. ఏ బొమ్మ ఏ వయసుకు తగినదో, ఏ ఎలుగుబంటి కన్ను లాగితే ఊడొస్తుందో, ఏ ముక్క గొంతులో అడ్డం పడుతుందో చూడటం నా పనే. "పిల్లల్ని ఆడించడం కూడా ఉద్యోగమేనా?" అంటాడు. బొమ్మల కొట్లో నేను మూతకు స్క్రూ ఉందో లేదో చూస్తుంటే, నేనెవరో తెలియనట్టు దూరంగా జరిగి నిలబడతాడు. ఈ బాతును ఆడపడుచు తెచ్చిన రోజే చెప్పాను, మూత వేలితో నొక్కితే ఊడొస్తోందని, ఆ బిళ్ళ బ్యాటరీ మింగితే గొంతు లోపల కాలిపోతుందని. "ముచ్చటపడి తెస్తే మొహాన కొట్టినట్టు మాట్లాడతావేం? మా పిల్లల్ని గరిటెలూ గిన్నెలూ ఇచ్చి పెంచాం, ఎవరికేమైంది?" అన్నారు అత్తగారు. బాతును అటక మీద పెట్టాను. నేను గడప దాటగానే అది మళ్ళీ కిందికి దిగింది.

పాప నోట్లో వేలు పెట్టి చూశాను, ఏడ్చింది. చాప దులిపాను. మంచం కింద, చెప్పుల స్టాండు వెనక, మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. "చంటిదాన్ని హడలగొట్టకు," అన్నారు అత్తగారు కూర తరుగుతూ. కాసేపటికి నా తలపైనుంచి నవ్వు వినిపించింది. మా ఆయన చొక్కా జేబులోంచి బ్యాటరీ తీసి ఊపుతున్నాడు.

"ఇదిగో. దాని గోల భరించలేక పొద్దున నేనే పీకేశా. ఎంతసేపు వెతుకుతావో చూద్దామని, ఊరికే ఆటపట్టించా!"

అత్తగారు కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేలంతా పాకిన నన్ను ఆయన ఇంతసేపూ కూర్చుని చూశాడు. అయినా పాపకేం కాలేదు, అదే చాలనుకుంటూ ఆయన అరచేయి చూశాను. అందులో ఉన్నది ఒక్కటే.

"రెండోదేది?"

"రెండోదేంటి?"

"ఈ బాతుకు రెండు బ్యాటరీలు."

నవ్వు ఆగిపోయింది. "చేతిలో ఒకటే పడింది... ఇంకోటి ఉందని నాకేం తెలుసు?"

ఈసారి నిజంగానే తెలియదు. ఆయన సోఫా లాగుతుండగానే పాపను ఎత్తుకుని, పర్సు తీసుకున్నాను.

"ఆగు, ముందు వెతుకుదాం!"

"మీరు వెతకండి," అని మెట్లు దిగి, దొరికిన టాక్సీ ఎక్కాను. పాప నా మెడ పట్టుకుని దగ్గుతోంది. అది జలుబు దగ్గో, ఇంకేదైనానో తెలియక వీపు నిమురుతూ కూర్చున్నాను.

దారిలో ఫోన్ మోగింది, ఒళ్ళో పాప ఉండటంతో స్పీకర్ నొక్కాను. "దొరికింది! సోఫా సందులో ఉంది, ఒట్టు. వచ్చెయ్." వెనకాల అత్తగారి గొంతు, "చెప్పానా, అంతా హడావుడి."

ఆ మాటలు విన్న డ్రైవర్ బండి నెమ్మది చేశాడు. "వెనక్కి తిప్పమంటారా అమ్మా?"

నిజమే అయ్యుండొచ్చు. కానీ ఇందాక మొదటిసారి "నాకేం తెలుసు" అన్నప్పుడు కూడా ఆ గొంతు ఇలాగే ఉంది.

"వద్దు, ఆసుపత్రికే పోనివ్వండి," అని, ఫోన్‌లో ఆయనకు చెప్పాను. "ఎక్స్‌రే చూశాక నమ్ముతాను."