అంటు కదపకూడదు

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున డాక్టర్ సువర్ణరాజు బుచ్చయ్య మంచం దగ్గర ఆగాడు.

"లే. నాలుగడుగులు వెయ్యి."

బుచ్చయ్య దుప్పటి గట్టిగా పట్టుకున్నాడు. గజ్జలో జారిన పేగును లోపలికి నెట్టి కుట్టింది నిన్ననే.

స్వరాజ్యం వచ్చాక అది మొదటి మామిడి కాపు. ఆ వేసవిలో ఆ మిషన్ ఆసుపత్రిలో ఒక పరీక్ష నడుస్తోంది. కడుపు కోసి కుట్టినవాళ్లను రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టడం పాత పద్ధతి. మర్నాడే నడిపిస్తే మేలని పై దేశాల డాక్టర్లు కొందరు రాస్తున్నారు. ఏది నిజమో సువర్ణరాజు స్వయంగా తేల్చుకోవాలనుకున్నాడు. వచ్చినవాళ్లను వచ్చినట్టు ఒకరిని కిటికీ వరసలో, ఒకరిని గోడ వరసలో వేశాడు. కిటికీ వాళ్లు నడవాలి. గోడ వాళ్లు పడుకోవాలి. బుచ్చయ్యకు కిటికీ వచ్చింది.

"నేను నూజివీడు తోటల్లో అంటు కట్టేవాణ్ణండి," అన్నాడు బుచ్చయ్య. "మొక్కనీ కొమ్మనీ చెక్కి, కలిపి కట్టాక, అతుక్కునేదాకా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వం. కదిలిందా, పోయినట్టే. ఇదీ కోసి కట్టిందేగదండి."

పక్క మంచం హనుమయ్యది. విస్సన్నపేట ఆసామి. అప్పటికే కర్ర పట్టుకుని వరండా దాకా వెళ్లొచ్చాడు. నవ్వబోయి కుట్లు పట్టుకున్నాడు.

"ఒరే బుచ్చయ్యా, నువ్వు మామిడి కొమ్మవేంట్రా? నన్నే నడిపించారు. నీకేంటంట నాజూకు?"

"మీకేంటండి, ముదురు చెట్టు. వేళ్లతో సహా పీకినా బతుకుతారు."

బుచ్చయ్య భార్య రమణమ్మ నవ్వలేదు. డాక్టరుకు అడ్డంగా నిలబడింది.

"బాబుగారూ, మేం వచ్చిన రోజున ఆ మూల మంచమాయన నడుస్తా నడుస్తా దగ్గాడు. కుట్లు ఊడిపోయినయ్యి. నా కళ్లతో చూశాను. ఈయన్ని పడుకోనివ్వండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

ఆమె చెప్పింది నిజం. ఆ మనిషిని మళ్లీ కుట్టింది సువర్ణరాజే.

"ఒకరికి సడలిస్తే పరీక్షకి అర్థం ఉండదండీ," అంది నర్సు లేయా మెల్లగా.

"తెలుసు," అన్నాడు డాక్టరు. బుచ్చయ్య ముఖం చూశాడు. రమణమ్మ ముఖం చూశాడు. "సరే. పడుకో."

అప్పట్నుంచి రమణమ్మ భర్తను పక్కకు కూడా ఒత్తిగిలనివ్వలేదు. పడుకోబెట్టే గంజి తాగించింది. ఈగ వాలకుండా విసిరింది. కట్టు విప్పినప్పుడల్లా వంగి చూసింది. పుండు ఆరింది. చీము లేదు.

"అంటు పట్టిందండోయ్, హనుమయ్యగారూ," అన్నాడు బుచ్చయ్య. హనుమయ్య ఊరికెళ్లడానికి చొక్కా తొడుక్కుంటున్నాడు.

"పట్టిందిలే. చిగురేస్తే కబురు పెట్టు."

ఆ మధ్యాహ్నం బుచ్చయ్య పిక్క పట్టేసిందన్నాడు. చెట్లెక్కే మనిషికి పిక్క నొప్పి కొత్తా? రమణమ్మ ఎవరికీ చెప్పలేదు. కొబ్బరినూనె రాసి, నొప్పి తగ్గిందనేదాకా నొక్కింది.

మర్నాడు కుట్లు విప్పారు. ఇక లేవొచ్చన్నారు. బుచ్చయ్య భార్య భుజం పట్టుకుని లేచి కూర్చున్నాడు. కిటికీలోంచి బయటకు చూశాడు.

"రమణా, ఊపిరాడట్లేదే," అన్నాడు.

డాక్టరు పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

సువర్ణరాజు ఆమెను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు. కాల్లో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందని చెప్పాడు. ఆమె మొత్తం విన్నది.

"నడిచుంటే బతికేవాడా?"

"తెలీదమ్మా."

"నేనడ్డం పడకపోతే నడిపించేవారుగా."

"నడిపించేవాణ్ణి. కుట్లు ఊడేవేమో. ఏమీ కాకపోయేదేమో. అది తెలుసుకోవడానికేగా..."

రమణమ్మ తన చేతులు చూసుకుంది. ఇంకా నూనె వాసన వస్తున్నాయి.

"కాలు నొక్కానండి. దానివల్లా?"

"కాదు," అన్నాడు డాక్టరు, ఈసారి వెంటనే.

ఆమె తలెత్తి చూసింది. "అదీ తెలీదుగదండీ."



ఎద్దుబండి గేటు దగ్గరకొచ్చింది. బుచ్చయ్యను అందులోకి చేర్చారు. చాప, చెంబు తెచ్చుకోవడానికి రమణమ్మ వార్డులోకి వెళ్లింది. కిటికీ పక్క బుచ్చయ్య మంచం మీద అప్పుడే దుప్పటి మార్చి ఇంకెవర్నో పడుకోబెట్టారు. మత్తు పూర్తిగా వదల్లేదు, మూలుగుతున్నాడు. అతని భార్య చిన్నపిల్ల. ఉంగుటూరు నుంచి వచ్చారట. ఆమె రమణమ్మ కొంగు పట్టుకుంది.

"అక్కా, రేపే లేపి నడిపిస్తారంట. నడవనివ్వనా, వద్దని మొత్తుకోనా?"

రమణమ్మ మంచం మీద మనిషిని చూసింది.

"చెప్పక్కా. ఇన్నాళ్లు ఇక్కడే ఉన్నావుగా. చూశావుగా."

బయట బండివాడు పిలుస్తున్నాడు. ఆ పిల్ల కొంగు వదల్లేదు. రమణమ్మ విడిపించుకోనూ లేదు.