వంకలేని బండి

త్రినాథరావు కారు గురించి ఎల్బీ నగర్‌లోని ఆ కాలనీలో ఎవరిని కదిపినా ఒకటే మాట చెప్పేవారు: సారు బండికి వంకలేదు. ఆ మాట వాళ్లకు నేర్పింది త్రినాథరావే. అడిగినవాడికీ అడగనివాడికీ, పాలవాడికీ, గ్యాస్ బండ మోసుకొచ్చే మనిషికీ ఐదేళ్లుగా అదే పాఠం. "లీటరుకి ఇరవై ఇస్తుందండీ. ఇంతవరకూ స్పానర్ పెట్టిన పాపాన పోలేదు."

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయన భార్య విజయదుర్గకు ఒళ్లు మండిపోయేది.

డిక్కీ లేనిది కారే కాదని ఆయన పట్టు. తక్కువలో డిక్కీ ఉన్న కారు కావాలని ఆరు నెలలు కరపత్రాలు ముందేసుకుని, పట్టికలు గీసి, కూడికలు తీసివేతలు చేసి, రెండువేల ఆరులో ఆ బండి కొన్నాడు. ఏ కంపెనీదో ఎందుకులెండి, పాపం వాళ్లు మంచి బండ్లు కూడా చేసే ఉంటారు. మొదటి ఏడాది బాగానే నడిచింది. రెండో ఏడు నుంచి దాని అసలు గుణం బయటపడింది. వెనక ఎడమవైపు అద్దం దించితే మళ్లీ పైకి రాదు, రెండు చేతులతో పట్టి లాగాలి. రివర్స్ గేరు పడాలంటే బతిమాలుకోవాలి. క్లచ్ ప్లేట్లు రెండుసార్లు మార్చారు. ఇవన్నీ విజయదుర్గ ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది ఒక్కటే. ట్రాఫిక్‌లో పదినిమిషాలు నిలబడితే ఇంజను వేడెక్కి బండి ఆగిపోయేది. ఆగిందంటే ముప్పావుగంట దాకా కదిలేది కాదు. రేడియేటర్ మార్చారు, ఫ్యాన్ మార్చారు, ముగ్గురు మెకానిక్కులు ఇంజను విప్పి చూసి తలలు గోక్కున్నారు. ఆ జబ్బు మాత్రం తగ్గలేదు.

అందుకే త్రినాథరావు దాన్ని ఆదివారం తెల్లవారుజామున, రోడ్లు ఖాళీగా ఉన్న వేళ, కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి మాత్రమే తీసేవాడు. మిగతా ఆరు రోజులూ దానికి కవరు కప్పి, తను సిటీ బస్సు పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరుకు వెళ్లి లెక్కలు చెప్పి వచ్చేవాడు. ఆ కవరు చూసి కాలనీవాళ్లు, బండిని ఎంత భద్రంగా చూసుకుంటాడో అని మెచ్చుకునేవారు.

"ఎందుకండీ ఆ కోతలు?" అని విజయదుర్గ చాలాసార్లు అడిగింది.

"లెక్కల మాస్టారు లెక్క తప్పి కొన్నాడని నవ్వరూ?" అనేవాడు. ఆమె ఛీ అని లేచి వెళ్లిపోయేది. నలుగురిలో మాత్రం నోరు విప్పేది కాదు. మొగుణ్ణి ఊరి ముందు చులకన చేయడం ఎందుకని ఊరుకునేది.

ఎదుటి పోర్షన్‌లో సైదులు, అతని భార్య అరుణమ్మ. నల్గొండ జిల్లాలో చిట్యాల దగ్గర పల్లె వాళ్లది. సైదులుకు మెయిన్ రోడ్డు మీద మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. రెండు కుటుంబాలకూ తొమ్మిదేళ్ల ఇరుగుపొరుగు. విజయదుర్గకు ఆపరేషన్ అయినప్పుడు పదిహేను రోజులు ఆ ఇంటి నుంచే క్యారియర్ వచ్చింది. తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక సైదులు మెడలో కండువా పడింది. "రాష్ట్రం వస్తే ఆంధ్రావాళ్లమని మమ్మల్ని పొమ్మంటావా తమ్ముడూ?" అని ఆమె ఒకసారి అడిగితే, "నువ్వు పోతే మా అరుణ చీరెలకు ఫాల్ ఎవరు కుడ్తరక్కా?" అని నవ్వేశాడు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. సరిగ్గా అప్పుడే సైదులు తల్లి అండాలమ్మకు కిడ్నీలు పాడై, ఊరి నుంచి తీసుకొచ్చారు. వారానికి రెండుసార్లు దిల్‌సుఖ్‌నగర్‌లో డయాలసిస్. మాట్లాడుకున్న ఆటో అతను బందు రోజుల్లో రానన్నాడు. ముసలమ్మ బైకు మీద కూర్చోలేదు.

ఒక సాయంత్రం సైదులు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సార్, కొత్త బండి కొంటున్నరంట గదా. పాతది బయటోళ్లకు అమ్మకుండ్రి. నాకియ్యుండ్రి. అమ్మను తీస్కపోవాలె. మీ బండైతే నడిమిట్ల ఆగదు. గా నమ్మకం చాలు నాకు."

త్రినాథరావు ముఖం వెలిగింది. "నీకు కాక ఇంకెవరికిస్తాను సైదులూ?" అన్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ విజయదుర్గ చేతిలో కాఫీ గ్లాసులు అలాగే ఉండిపోయాయి. మనిషి ప్రాణంతో పని పడింది, ఇప్పుడైనా నిజం చెబుతాడనుకుంది. ఆయన చెప్పలేదు.

మర్నాడు బందు. సైదులు బండి నడిపి చూస్తానన్నాడు. రోడ్డు మీద పిట్ట లేదు. పెద్ద అంబర్‌పేట్ దాకా వెళ్లి వచ్చారు. ఎదురొచ్చే బండి లేదు, ఆగాల్సిన సిగ్నల్ లేదు. కారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. సైదులు తిరిగొచ్చి, బండి మక్కన్ లెక్క మెత్తగ నడుస్తున్నదని భార్యతో చెప్పాడు.

ఆ రోజు విజయదుర్గ మొగుణ్ణి కడిగేసింది. "ఆ ముసలావిడ దారిలో ఊపిరాడక పోతే ఆ పాపం ఎవరిది?"

"ఊరికే భయపడతావేం? అతను మోటార్ల మనిషి. ఎక్కడైనా ఆగితే చూసుకుంటాడు."

ఇక ఈయనతో లాభం లేదని మర్నాడు ఆమె నేరుగా ఎదుటింటికి వెళ్లింది. సైదులూ అరుణమ్మా ఇద్దరూ ఉన్నారు. "తమ్ముడూ, ఆ బండి తీసుకోవద్దు. మంచిది కాదు. ట్రాఫిక్‌లో ఆగిపోతుంది" అని చెప్పేసింది.

మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అక్కా, నిన్ననే గదా నేను నడిపిన. పొల్లుబోకుండ నడిసింది" అన్నాడు సైదులు. "ఐదేండ్ల సంది సార్ బంగారం అంటుండు. మేం అడగంగనే పాడైందా?"

"ఆయన అబద్ధం చెప్పారయ్యా."

"సార్ అబద్ధం చెప్పిండంటే నేను నమ్మాల్నా?" సైదులు లేచి నిలబడ్డాడు. "మీవోళ్లెవరన్న అడిగిండ్రేమో. గట్లనే చెప్పుండ్రి మేడం. తెలంగాణోళ్లకు ఇయ్యబుద్ధి కాలేదని సీదా చెప్పుండ్రి. బండి మీద ఎందుకు వెడ్తరు?"

తొమ్మిదేళ్లలో అతను ఆమెను మేడం అనడం అదే మొదలు. అరుణమ్మ లోపలికి వెళ్లిపోయింది. విజయదుర్గకు చెంప చెళ్లుమన్నట్లయింది.

ఇంటికొచ్చి మొగుడి ముందు నిలబడింది. "వెళ్లి నిజం చెప్పండి. ఇప్పుడే."

"ఇప్పుడు చెబితే నా పరువేం కాను?"

"మరి నా పరువు? వాళ్లు నన్ను ఏమనుకుంటున్నారో తెలుసా?"

త్రినాథరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నిన్ను అనుకునేదేదో నాలుగు రోజులు అనుకుంటారు. ఈ గొడవ చల్లారితే మర్చిపోతారు. నా సంగతి బయటపడితే జన్మంతా చెప్పుకుని నవ్వుతారు."

తన పెళ్లాం ప్రాంతం చూసి మనుషుల్ని వేరుచేసే పొగరుబోతని పేరు పడినా ఈయనకు పట్టదు. తను తెలివితక్కువగా ఒక కారు కొన్నాడని మాత్రం ఎవరికీ తెలియకూడదు. ఇరవైరెండేళ్ల కాపురంలో ఆమెకు ఆయన మీద అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. బండి తాళాలు తీసి తన కొంగున ముడేసుకుంది.

ఒక డయాలసిస్ తప్పిపోయింది. శుక్రవారం నాటికి అండాలమ్మ కాళ్లు ఉబ్బిపోయి, పడుకుంటే ఊపిరి అందడం లేదు. సైదులు వచ్చి ముభావంగా, బండి ఇస్తరా ఇయ్యరా అని అడిగాడు. ఇంకో దారి లేదని విజయదుర్గకు తెలుసు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు. దాని రోగాలు తెలిసిన మనిషే నడపాలనుకుంది. తాళాలు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "ఈయన నడుపుతారు. నేనూ వస్తాను" అంది. వెనక సీటు కింద నాలుగు సీసాల నీళ్లు పెట్టింది. సైదులు ఆ సీసాలను చూశాడు.

సైదులు ముందు కూర్చున్నాడు. ముసలమ్మను వెనక సీట్లో విజయదుర్గ తన భుజానికి ఆనించుకుంది. ఎల్బీ నగర్ చౌరస్తా దాటారు. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర రోడ్డు మొత్తం ఆగిపోయి ఉంది. వంటావార్పు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వందలమంది అన్నం వండుతున్నారు, పాటలు పాడుతున్నారు. బత్తాయిల లారీ ఒకటి అడ్డంగా ఇరుక్కుపోయింది.

సైదులు దిగి పరుగెత్తాడు. "అన్నా, అమ్మను దవాఖానకు తీస్కపోతున్నం, జర తొవ్వ ఇయ్యుండ్రి!" అతని కేక వెనక్కి వినిపించింది. వాళ్లు వెంటనే లేచారు, పొయ్యిలు జరపసాగారు. లారీ వెనక్కి తీయడానికే ఆలస్యమైంది. సైదులు వచ్చి మళ్లీ ముందు కూర్చున్నాడు.

వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. ఏసీ ఎప్పుడో ఆపేశాడు త్రినాథరావు. ఇక ఒక్కటే ఉపాయం ఉంది. హీటర్ వేయాలి. హీటర్ వేస్తే ఇంజను లోపలి వేడి కారులోకి వచ్చేస్తుంది, ఇంజను కాస్త చల్లబడుతుంది. మండే మే నెలలో కూడా ఆ మొగుడూ పెళ్లాలు అలా హీటర్ వేసుకుని, ముఖాల మీద తడి తువాళ్లు కప్పుకుని ఇల్లు చేరిన రోజులున్నాయి. అది త్రినాథరావుకు బాగా తెలుసు. కానీ పక్కన మోటార్ల మనిషి కూర్చున్నాడు. హీటర్ మీద చెయ్యి పడగానే అతనికి అంతా తెలిసిపోతుంది.

"వెయ్యండి" అంది విజయదుర్గ.

"ఏం కాదులే. ఇదిగో, కదిలేస్తోంది" అన్నాడాయన. చెయ్యి స్టీరింగ్ మీదే ఉంది. లారీ కదల్లేదు. ముల్లు గీతను తాకింది.

"ప్రాణం పోతోందయ్యా ఇక్కడ! వెయ్యి!" ఆమె మొగుణ్ణి ఏకవచనంలో పిలవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఆయన అప్పటికీ కదలకపోతే, సీట్ల మధ్యలోంచి ముందుకు వంగి, హీటర్ పిడిని తనే చివరిదాకా తిప్పేసింది.

వేడిగాలి గుప్పున కొట్టింది. "ఏంది బిడ్డా గిది, పొయ్యి కాడ కూసున్నట్టుంది" అని అండాలమ్మ మూలిగింది. విజయదుర్గ సీసా తెరిచి కొంగు తడిపి ఆమె ముఖం తుడిచింది. సైదులు ఆ పిడిని చూశాడు. ముల్లును చూశాడు. మెల్లగా తలతిప్పి త్రినాథరావు చెమట ముఖం చూశాడు.

లారీ తప్పుకుంది. పొయ్యిల పక్కనున్నవాళ్లు చేతులూపి దారి చూపారు. చైతన్యపురి మీదుగా, నలుగురూ వేడికి ఉడికిపోతూ, ఆస్పత్రి గేటు చేరారు. నర్సులు చక్రాల కుర్చీ తెచ్చి అండాలమ్మను లోపలికి తీసుకెళ్లారు. సమయానికే తెచ్చారన్నారు.

సైదులు గేటు దగ్గరే ఆగాడు. "ఎన్నేండ్ల సంది సార్ గిట్ల?"

"కొన్న రెండో ఏడాది నుంచి" అన్నాడు త్రినాథరావు నేల చూస్తూ. "చెబుదామనే అనుకున్నాను సైదులూ, కానీ..."

"అమ్మ సంగతి ఎరుకై గూడ నాకు అమ్మబోయిండ్రు." సైదులు గొంతు పెంచలేదు. "ఆమె వద్దన్ననాడు ఆంధ్రోళ్లు గిట్లనే ఉంటరనుకున్న. రెండు రోజులు అన్నం సయించలే. కానీ సార్, గా కోపానికి ఒక తొవ్వ ఉన్నది. ఇయ్యాల కాకుంటె రేపు తెలంగాణ వస్తది, గా కోపం పోతది. గిప్పుడొచ్చిన కోపం ఏ రాష్ట్రం వస్తే పోతది? మీరే చెప్పుండ్రి."

త్రినాథరావు భార్య వైపు చూశాడు. ఎక్కడ ఇరుక్కున్నా ఏదో ఒకటి అని ఆయన్ను బయటపడేయడం ఆమెకు అలవాటు. ఈసారీ అంటుందేమోనని చూశాడు.

"నన్ను చూస్తారేం? అడిగింది మిమ్మల్ని" అంది విజయదుర్గ. మిగిలిన నీళ్ల సీసా చేతిలోకి తీసుకుని, అండాలమ్మ దగ్గరికి లోపలికి వెళ్లిపోయింది.