చక్రం వాళ్ళ పడవ

ఆవిడ అసలు పేరు రేవులో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ మైకే. ఈ కొసన నిలబడి ఒక్క కేక వేస్తే ఆ కొసన ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు చేతిలో పానా జారవిడుచుకుంటాడని చెప్పుకునేవాళ్ళు. ఆవిడ మొగుణ్ణి మాత్రం పెద్దమనిషి అనేవాళ్ళు. నెమ్మదస్తుడు. ఎవడైనా వచ్చి తన కాలు తొక్కితే, అడ్డం పెట్టినందుకు తనే నొచ్చుకునే రకం. అంత సాధువుకి ఇంత గయ్యాళిని కట్టబెట్టాడేమిటా దేవుడని జాలిపడని మనిషి లేడు. ఆ జాలి మాటలన్నీ ఆవిడ చెవిన పడుతూనే ఉండేవి. పడినా ఏమనుకునేది కాదు, అనుకుంటూ కూర్చుంటే పనులెప్పుడవుతాయి?

ఆ రేవులో చలికాలపు గాలివానంటే మాటలు కాదు. ఎండాకాలంది వచ్చి, ఏడ్చి, వెళ్ళిపోతుంది. చలికాలంది వచ్చి తిష్ఠ వేస్తుంది. అలలు రాతిగోడ దాటొచ్చి కట్టేసిన పడవల్ని గోడకేసి బాదుతాయి. అందుకని గాలి మొదలవుతుండగానే పడవలన్నిటినీ ఒడ్డెక్కించాలి. దానికో చక్రం ఉంది. చక్రమంటే నేలలో పాతిన లావుపాటి దుంగ, దానికి అడ్డంగా కర్రలు. ఎనిమిది మంది ఆ కర్రలకు భుజాలానించి గానుగెద్దుల్లా చుట్టూ తిరిగితే, దుంగకు మోకు చుట్టుకుంటూ పడవ ఏటవాలు గట్టు మీదికి పాకుతూ వస్తుంది. మనిషి తగ్గితే అది కదలనని మొరాయిస్తుంది.

చక్రం పెద్దమనిషి వాళ్ళది. వాళ్ళ నాన్న చేయించాడు. కట్టుబాటూ ఆయన పెట్టిందే: చక్రం వాళ్ళ పడవ అందరికంటే ఆఖరున ఎక్కాలి. చక్రం ఉంది కదా అని ముందు తనది లాగించుకున్నాడన్న మాట రాకూడదట. ఎంత గొప్ప మనసో అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. గొప్పదే, ఎవరు కాదన్నారు? కానీ తన పడవ గట్టెక్కినవాడికి ఇంట్లో పొయ్యి గుర్తొస్తుంది. తడిసి ముద్దయి, చేతులు కొంకర్లు పోయాక, ఇంకొకడి పడవ కోసం ఎవడు నిలబడతాడు? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని పెద్దలు ఊరికే అన్నారా?

నిలబెట్టేది మైకు. కాపురానికొచ్చిన మొదటి చలికాలమే ఆవిడకి సంగతి అర్థమైపోయింది. అప్పట్నించీ గాలి మొదలైతే చాలు, తలకి శాలువా చుట్టుకుని చక్రం పక్కన నిలబడేది. ఎవడైనా మెల్లగా జారుకోబోతే వాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ గాలికి ఎత్తేది. నీ పడవ లాగినప్పుడు నడుం నెప్పి ఎవరికి రా, పెళ్ళాం పిలుస్తోందా, నిన్నటిదాకా నీతో మాటల్లేవు కదరా దానికి, అని. పోయేవాడు సిగ్గుతో చచ్చినట్టు వెనక్కొచ్చి కర్ర పట్టుకునేవాడు. అలా ప్రతి ఏడూ ఆఖరి పడవ గట్టెక్కేది. ఎక్కాక పెద్దమనిషి అందరికీ దణ్ణం పెట్టి, నా మీద అభిమానంతో నిలబడ్డారు అనేవాడు. పక్కనే ఆవిడ గొంతు బొంగురుపోయి మంచినీళ్ళ కోసం వెతుక్కునేది.

ఆ ఏడు రేవు సంఘానికి కొత్త ప్రెసిడెంటుని ఎన్నుకోవాల్సి వచ్చింది. నలుగురూ పెద్దమనిషి పేరే అనుకుంటున్నారని మరిది మోసుకొచ్చాడు. మోసుకొచ్చినవాడు ఊరుకోవచ్చు కదా. అంతా బాగానే ఉంది గానీ వదిన నోటికే జడుస్తున్నారన్నయ్యా, అని ఓ ముక్క తగిలించాడు. ఆ ముక్క పెద్దమనిషి మనసులో ముల్లులా దిగింది. గాలి మొదలైన పొద్దున, ఆవిడ శాలువా తీస్తుంటే గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఇవాళ నువ్వు రాకు. వచ్చినా నోరెత్తకు. నీ నోటి వల్ల పాతికేళ్ళుగా తలెత్తుకోలేకపోతున్నాను."

ఎప్పుడూ గట్టిగా అనని మనిషి అన్న మాట. అందుకే గట్టిగా తగిలింది. తలెత్తుకోలేకపోయాడట. ఎవరి కోసం అరిచానని, నా పుట్టింటివాళ్ళ పడవ కోసమా, అని అడగబోయింది. అడగలేదు. అతను వెళ్ళాక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. వాళ్ళ ఇల్లు గట్టు పైన, కిటికీలోంచి చక్రం అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది.

మొదట మరిది పడవ ఎక్కింది. వరసగా మెకానిక్కుది, ఆ తరవాత మిగతావాళ్ళవి. వాన సూదుల్లా పడుతోంది, ఇంటి రేకులు ఎగిరిపడుతున్నాయి. జనం అన్నా అన్నా అంటూ అతని చుట్టూ ఉన్నారు. పడవలు ఎక్కుతున్నకొద్దీ ఆ గుంపు పలచబడింది. మరిది తన పడవ మీద టార్పాలిన్ కట్టే వంకతో వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. మెకానిక్కు చేతులు ఊదుకుంటూ ఏదో చెప్పి వెళ్ళాడు. పెద్దమనిషి ప్రతివాడి దగ్గరికీ వెళ్ళి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఏదో అంటున్నాడు, వాళ్ళు తలూపి ఇప్పుడే వస్తానన్నట్టు వేలు చూపించి పోతున్నారు. మెత్తటివాణ్ణి చూస్తే ఎవరికైనా మొత్తబుద్ధే.

కిటికీ తీసి ఒక్క కేక వేస్తే చాలు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. వెయ్యను, అనుకుంది. పడనీ, అభిమానంతో నిలబడతారు కదా, చూద్దాం, అనుకుంది. ఆ కసి కాసేపు హాయిగానే ఉంది. కింద పడవ గోడకి తగిలి ఊగుతుంటే మాత్రం ఆ హాయి నిలవలేదు. ఆ పడవ మీదే కదా ఇల్లు గడిచింది, మామగారి మందులూ, కూతురి కాన్పులూ అన్నీ గడిచాయి. ఇక కూర్చోలేకపోయింది. శాలువా కూడా లేకుండా గట్టు దిగి పరుగెత్తింది.

చక్రం దగ్గర అతనూ, ఇంకో ముగ్గురూ మిగిలారు. ఆవిడ మాట్లాడకుండా వెళ్ళి ఖాళీ కర్రకి భుజం ఆనించింది. అయిదుగురూ నెట్టారు. మోకు బిగుసుకుంది, దుంగ కిర్రుమంది, అంతే. కాళ్ళ కింద బురద జారుతోంది గానీ చక్రం జానెడు కూడా కదల్లేదు. పైన సందులో తలుపుల వెనక దీపాలు వెలుగుతున్నాయి. అంతా అక్కడే, పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉన్నారు. అతను తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. అంటాడేమో అనుకుంది. ఒక్కసారి పిలవవే, అన్న ఆ ఒక్క ముక్క కోసం చూసింది. అతను మళ్ళీ తల దించుకుని కర్రని నెట్టాడు. ఆవిడా పళ్ళు బిగించి నెట్టింది.

అంతలో పెద్ద అల వచ్చింది. పడవని ఎత్తి గోడ మీద కుదేసింది. నడుం విరిగి పడవ రెండు ముక్కలైంది. మోకు ఒక్కసారిగా వదులై అయిదుగురూ ముందుకి బోర్లా పడ్డారు. ఆ చప్పుడుకి తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరూ పరుగెత్తుకొచ్చారు. ఎనిమిది మందేమిటి, చక్రాలు రెండున్నా సరిపోయేంత మంది. అయ్యో అన్నా, ఒక్క మాట చెప్పి ఉంటే మేం రాకపోదుమా, అన్నారు.

గాలి తగ్గాక సంఘం కూర్చుంది. పడవ ఉన్నవాడే సంఘంలో సభ్యుడు, పడవ లేనివాణ్ణి ప్రెసిడెంటుని ఎలా చేస్తామని నొచ్చుకుంటూనే మెకానిక్కుని ఎన్నుకున్నారు. ఆ మర్నాడు మరిది గుమ్మంలోకి వచ్చి, సముద్రం నెమ్మదించిందన్నయ్యా, పడవలు దించుకోవాలి, చక్రం దగ్గరికి ఓసారి వస్తావా, అని అడిగాడు. వస్తాను పద, అన్నాడు పెద్దమనిషి. మరిది వెళ్ళాక చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు.

"ఆ రోజు ఒక్క కేక వేస్తే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు గోడవైపు చూస్తూ. "నీ నోటికి జడిసైనా వచ్చేవాళ్ళు కదా."

ఆవిడ పొయ్యి దగ్గరనుంచి లేవలేదు. గొంతు పెంచలేదు కూడా.

"కాపురానికొచ్చాక నీ మాట విన్నది ఆ ఒక్కరోజే."